ఇంటి లైను, నా నోడ్

బిట్‌కాయిన్ నోడ్ పెట్టుకుందామని నాకు ఫోన్ చేసేవాళ్ళు ముందు అడిగేది డిస్కు గురించే. ఒక టీబీ చాలా, రెండు టీబీలది తీసుకోవాలా, రాస్ప్‌బెర్రీ పై సరిపోతుందా, మూలన పడున్న లాప్‌టాప్ పనికొస్తుందా అని. అవన్నీ చెప్పాక నేనొకటి అడుగుతాను: మీ ఇంటి నెట్ ప్లాన్‌లో నెలకి ఎంత వరకూ వాడుకోవచ్చు? "అన్‌లిమిటెడే కదండీ" అంటారు దాదాపు అందరూ. నేనూ ఆ మాటే నమ్మాను. ఆ నమ్మకంతో చేసిన తప్పులు ఒకదాని మీద ఒకటి పేరుకుని, ఇంట్లో ఇంకొకరి ఉద్యోగం మీదకి వచ్చేదాకా వెళ్ళాయి. అవి ఏ వరసలో జరిగాయో అదే వరసలో చెబుతాను.

నోడ్ అనగానే ఇంటికొచ్చినవాళ్ళు మైనింగ్ అనుకుని నెలకెంత వస్తుందని అడుగుతారు. ఏమీ రాదు. కరెంటు మనదే, నెట్టు మనదే. 2009 జనవరి 3 నాటి మొదటి బ్లాకు మొదలుకుని ఇవాళ్టి దాకా ఉన్న బిట్‌కాయిన్ చిట్టా మొత్తాన్ని డౌన్‌లోడ్ చేసుకుని, ప్రతి ట్రాన్సాక్షన్ నియమాల ప్రకారం ఉందో లేదో సొంతంగా సరిచూసే ప్రోగ్రాం అది. నాకు అది ఎందుకు కావాలనిపించిందంటే, 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ వచ్చి, బ్యాంకులు ఎక్స్చేంజీలకు సేవలు ఆపేసిన రోజులు నాకు బాగా గుర్తు. 2020 మార్చి 4న సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసేదాకా, మన సొమ్ము గురించి మధ్యలో ఉన్నవాడు ఏం చెబితే అదే వినాల్సి రావడం ఎలా ఉంటుందో చూశాను. నా వాలెట్‌లో ఎంత ఉందో నా ఇంట్లో యంత్రమే నాకు చెప్పాలని అప్పుడే అనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

మాది కాకినాడ. కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ లైను, 100 ఎంబీపీఎస్. ప్లాన్ పేరులో అన్‌లిమిటెడ్ అని ఉంటుంది, రసీదు కింద ఎఫ్‌యూపీ 1000 జీబీ అని ఉంటుంది. అది దాటితే బిల్లింగ్ నెల పూర్తయ్యే వరకూ వేగం 2 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ 1000లో మనం తెచ్చుకున్నదీ, మన దగ్గర నుంచి బయటికి పోయిందీ రెండూ కలిపే లెక్క. ఈ చివరి సంగతి నేను చదవలేదు. చదివినా అప్పట్లో పట్టించుకునేవాణ్ణి కాదేమో, ఎందుకంటే పంపడం అనే పని నా ఆలోచనలోనే లేదు.

మొదటి డౌన్‌లోడ్ పెద్దదని తెలుసు. 600 జీబీ పైచిలుకు. ఆ నెల ఇంట్లో సినిమాలు తగ్గించమని చెప్పి, బండి లాగించాను. అయిపోయాక లెక్క వేసుకున్నాను: సుమారు పది నిమిషాలకో బ్లాకు, రోజుకి 144 బ్లాకులు, బ్లాకు ఒకటిన్నర నుంచి 2 ఎంబీ. అంటే రోజుకి 300 ఎంబీ లోపే. ఇంక నెలకి పది జీబీ మించదని ఇంట్లో చెప్పాను. లెక్క తప్పు కాదు. అది వచ్చేదాని లెక్క. పోయేదాని లెక్క నేను వేయనే లేదు.

పైగా బయటి నోడ్లు నా దగ్గరికి రావడానికి దారులు తెరిచింది నేనే. మా ఆపరేటర్ ఐపీవీ4ని సీజీనాట్ వెనక పెట్టాడు కాబట్టి ఆ వైపు నుంచి ఎవరూ లోపలికి రాలేరు. కానీ ఐపీవీ6లో ఇంట్లో ప్రతి పరికరానికీ బయటికి కనిపించే సొంత అడ్రసు ఉంటుంది. రౌటర్‌లో దానికున్న ఫైర్‌వాల్‌లో 8333 పోర్టుకి దారి ఇచ్చాను. గోప్యత కోసం టోర్ కూడా పెట్టాను. టోర్ కంట్రోల్ పోర్టు అందితే, నేను వాడే నోడ్ ప్రోగ్రాం బిట్‌కాయిన్ కోర్ తనంతట తానే ఒక ఆనియన్ అడ్రసు తయారు చేసుకుని, ఆ దారిన కూడా వచ్చేవాళ్ళని రానిస్తుంది. ఏ సెట్టింగూ ముట్టుకోకపోతే మొత్తం 125 కనెక్షన్ల దాకా ఒప్పుకుంటుంది. అందులో మనం బయటికి పెట్టుకునేవి మహా అయితే 11, మిగతా 114 బయటి నుంచి మన దగ్గరికి వచ్చేవి. రోజూ పొద్దున్నే మైనస్ నెట్‌ఇన్ఫో కొట్టి ఆ వచ్చేవాళ్ళ సంఖ్య పెరగడం చూసి సంతోషపడేవాణ్ణి. నెట్‌వర్క్‌కి ఉపయోగపడుతున్నానన్న తృప్తి. వాళ్ళు ఏం పట్టుకెళుతున్నారని మాత్రం చూడలేదు.

వాళ్ళు పట్టుకెళ్ళేది పాత బ్లాకులు. కొత్తగా మొదలైన నోడ్ ఒకటి తాను కలిసిన నోడ్లన్నింటినీ ఒకేసారి అడుగుతుంది. ఒక్కొక్కరి దగ్గర ఒక్కసారికి 16 బ్లాకుల దాకా అడిగి పెట్టుకుంటుంది. ఇచ్చినవాడికి వెంటనే మళ్ళీ అడుగుతుంది. కాబట్టి ఎవరు త్వరగా ఇస్తే ఎక్కువ బరువు వాళ్ళ మీదే పడుతుంది. ఫైబర్ లైను మీద, ఎస్ఎస్‌డీతో, 24 గంటలూ మేలుకుని ఉన్న నా నోడ్ లాంటిది దొరికితే, ముక్కూ మొహం తెలియని ఒక్క కొత్త నోడ్ నా దగ్గర నుంచే 100 జీబీ పైన పట్టుకుపోవచ్చు. అలాంటివి ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి.

మూడో వారంలో ఇంట్లో నెట్ కుంటుపడింది. మా చెల్లెలు ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ చేస్తుంది. రోజుకి ఇన్ని చార్టులని టార్గెట్ ఉంటుంది. వీపీఎన్ తెగిపోయి, మళ్ళీ లాగిన్ అయి, సగం చేసిన చార్టు మొదటి నుంచి చేసుకునేది. ఒక సాయంత్రం వచ్చి, "అన్నయ్యా, నీ డబ్బా ఏమన్నా చేస్తోందేమో చూడవా?" అంది. లేదు, దాని డౌన్‌లోడ్ ఎప్పుడో అయిపోయింది అన్నాను. చూడకుండా అన్నాను. ఇందులో నేను చేసిన తప్పులన్నిటిలోకీ నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ జవాబే. మిగతావన్నీ తెలియక చేసినవి. ఇది మాత్రం తెలుసుకోవడానికి ఒక్క నిమిషం పట్టేదాన్ని, నాకు తెలుసన్నట్టు చెప్పింది.

ఆ తర్వాత ఆపరేటర్‌కి ఫోన్ చేసి గొడవ పడ్డాను. లైన్‌మన్ వచ్చాడు. పవర్ మీటర్ పెట్టి చూశాడు, ప్యాచ్ కార్డు మార్చాడు, స్తంభం దగ్గర జాయింటు విప్పి మళ్ళీ వేశాడు. ఎండలో అంత పనీ చేసి, చివరికి తన ఫోన్లో మా కనెక్షన్ వాడకం తీసి నా ముందు పెట్టాడు. "సార్, మీకొచ్చేదాని కంటే మీ ఇంట్లోంచి పోయేదే ఎక్కువుందండి. సీసీ కెమెరాలు ఏమన్నా పెట్టించారాండి?" అని మర్యాదగానే అడిగాడు. ఎఫ్‌యూపీ అప్పటికే దాటిపోయింది. ఆయనకి క్షమించమని చెప్పి పంపాను.

అప్పుడైనా నోడ్ ఏం పంపుతోందో చూడాలి కదా. చూడలేదు. కంగారులో చేతికి దొరికిన సెట్టింగల్లా కోస్తూ పోయాను.

ముందు మాక్స్‌కనెక్షన్స్ 125 నుంచి 12కి దించాను. కాస్త తగ్గింది, కానీ మిగిలిన ఆ ఒక్క చోటులోకి పాత బ్లాకులు కావాల్సిన నోడ్ ఒకటి వచ్చి కూర్చుంటే లైను నిండిపోవడానికి అదొక్కటే చాలు. దాంతో 4కి దించాను. అది ఇంకా పెద్ద పొరపాటు. ఈసారి కోసింది నేను బయటికి పెట్టుకునే కనెక్షన్లని. ఒక నోడ్ చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకే మనిషి యంత్రాలైతే దానికి అబద్ధపు లోకాన్ని చూపించవచ్చు. దీన్ని ఎక్లిప్స్ దాడి అంటారు. 2015లో యూజనిక్స్ సెక్యూరిటీ సదస్సులో ఈథన్ హైల్‌మన్, మరో ముగ్గురు కలిసి రాసిన పత్రం ఇది బిట్‌కాయిన్ మీద ఎలా సాధ్యమో చూపించింది. బయటికి వేర్వేరు చోట్లకి వెళ్ళే ఆ కనెక్షన్లు నా రక్షణ కోసం ఉన్నవి, వాటికయ్యే ఖర్చు కూడా తక్కువే. ఎవరి మాటా వినక్కర్లేకుండా ఉండాలని నోడ్ పెట్టుకుని, నలుగురి మాట మాత్రమే వినేలా చేసుకున్నాను.

తర్వాత ప్రూన్=550 పెట్టాను. పాత బ్లాకుల ఫైళ్ళన్నీ చెరిపేసి, సుమారు 550 ఎంబీ మాత్రం ఉంచుకునే పద్ధతి ఇది. అప్‌లోడ్ ఒక్కసారిగా పడిపోయింది. ప్రూన్ చేసిన నోడ్ దగ్గర పాత బ్లాకులే ఉండవు కాబట్టి, చివరి 288 బ్లాకులు, అంటే రెండు రోజులవి మాత్రమే ఇస్తానని మిగతావాళ్ళకి చెప్పేస్తుంది. డిస్కు కూడా ఖాళీ అయింది. గండం గడిచిందనుకున్నాను. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, వాళ్ళకి అది సరైన నిర్ణయమే కావచ్చు. నాకు కాలేదు. కొన్నాళ్ళకి పాత పెన్‌డ్రైవ్‌లో 2019 నాటి వాలెట్ బ్యాకప్ దొరికింది. తెరవబోతే, ఆ వాలెట్ చివరిసారి చూసిన చోటు నువ్వు చెరిపేసిన బ్లాకుల్లో ఉంది, రీఇండెక్స్ చేయాలి, ప్రూన్ చేసిన నోడ్ అయితే బ్లాక్‌చైన్ మొత్తం మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోవాలి అన్న మెసేజీ వచ్చింది. ఆలోచించకుండా ఒప్పుకున్నాను. 600 జీబీ మళ్ళీ మొదలు. సగానికి పైగా వచ్చేసరికి చెల్లెలి వీపీఎన్ మళ్ళీ తెగడం మొదలైంది.

ఈసారి అడిగించుకోలేదు. సెట్‌నెట్‌వర్క్‌యాక్టివ్ ఫాల్స్ కొట్టి నోడ్‌ని నెట్ నుంచి విడదీసి, తణుకులో ఉన్న మిత్రుడికి ఫోన్ చేశాను. అతని దగ్గర పూర్తి నోడ్ ఉంది. నోడ్‌ని సరిగ్గా ఆపి, బ్లాక్స్ ఫోల్డర్ మొత్తం ఒక హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, బబుల్ ర్యాప్ చుట్టి ఆర్టీసీ పార్సిల్లో వేశాడు. ఇక్కడ బస్టాండులో సంతకం పెట్టి తెచ్చుకున్నాను. నా లైను మీద ఒక్క జీబీ కూడా పడలేదు.

ఈ పద్ధతి గురించి కొంచెం నిలబడి చెప్పాలి, ఎందుకంటే ఎఫ్‌యూపీ ఉన్న ఇళ్ళకి ఇంతకంటే పెద్ద ఆదా లేదు. వేరేవాళ్ళు ఇచ్చిన ఫైళ్ళని నమ్మవచ్చా అని అడుగుతారు. బ్లాక్స్ ఫోల్డర్‌ని నమ్మక్కర్లేదు. రీఇండెక్స్ పెడితే నోడ్ ఆ ఫైళ్ళని మొదటి బ్లాకు నుంచి చదువుకుంటూ, నెట్ నుంచి వచ్చినవాటిని ఎలా సరిచూస్తుందో వీటినీ అలాగే సరిచూస్తుంది. తేడా ఉన్న బ్లాకుని ఒప్పుకోదు. చైన్‌స్టేట్ అనే ఫోల్డర్ మాత్రం ఎవరి దగ్గరా తీసుకోకూడదు. ఎవరి దగ్గర ఎంత ఉందన్న తుది పట్టిక అందులో ఉంటుంది, దాన్ని నోడ్ ఉన్నదున్నట్టు నమ్మేస్తుంది. ఇంకొకటి, 28వ వెర్షన్ నుంచి కొత్తగా పెట్టిన నోడ్లలో బ్లాకుల ఫైళ్ళని ఒక చిన్న తాళంతో కలిపి రాస్తున్నారు. ఆ ఎక్సార్.డాట్ అనే ఫైలు అదే ఫోల్డర్‌లో ఉంటుంది. అది రాకపోతే మిగతా ఫైళ్ళు చెత్తే. రాస్ప్‌బెర్రీ పై మీద రీఇండెక్స్ రోజుల తరబడి నడుస్తుంది. నడవనివ్వండి, నెట్‌కి దాంతో పనిలేదు. అసంపూర్తిగా ఆగినా, కరెంటు పోయి చైన్‌స్టేట్ పాడైనా, అన్నీ చెరిపేసి మొదటి నుంచి డౌన్‌లోడ్ చేయకండి. బ్లాకులు బాగుంటే రీఇండెక్స్-చైన్‌స్టేట్ సరిపోతుంది.

మళ్ళీ పూర్తి నోడ్ వచ్చాక, నెట్‌కి కలిపేముందు భయంతో బ్లాక్స్‌ఓన్లీ పెట్టాను. బ్లాకులు తప్ప, విడి ట్రాన్సాక్షన్లు అడగదు, మోయదు. దానివల్ల తగ్గే భారం ఏమిటో చెబుతాను. ప్రతి ట్రాన్సాక్షన్‌కీ నోడ్లు ఒకదానికొకటి "ఇది నా దగ్గరుంది" అని కబురు పెట్టుకుంటాయి. కబురు 36 బైట్లే, కానీ ఊళ్ళో జరిగిన పెళ్ళి సంగతి నాకు ప్రతి ఇంటివాళ్ళూ వచ్చి విడివిడిగా చెప్పినట్టు, ఒకే ట్రాన్సాక్షన్ గురించి కలిసిన ప్రతి నోడ్‌తోనూ ఈ మాట జరుగుతుంది. దీన్ని తగ్గించడానికే ఎర్లే అనే పద్ధతిని 2019లో ప్రతిపాదించారు. నోడ్లు తమ జాబితాల్లో తేడాలు మాత్రమే పోల్చుకునేలా చేసి, బ్యాండ్‌విడ్త్ 40 శాతం దాకా తగ్గించవచ్చని ఆ పత్రం చెప్పింది. అది అందరికీ అందుబాటులోకి రావాలని నేను ఎదురుచూస్తున్నాను.

బ్లాక్స్‌ఓన్లీ నాకు చేసిన నష్టం ఒక చిన్న చెల్లింపుతో బయటపడింది. వాలెట్‌లోంచి పంపాను, పంపినట్టే కనిపించింది, అవతలివాళ్ళకి మాత్రం చేరలేదు. ఈ సెట్టింగ్ ఉన్నప్పుడు వాలెట్ తన ట్రాన్సాక్షన్లని తనంతట తాను బయటికి వదలదు. చేత్తో సెండ్‌రాట్రాన్సాక్షన్ కొట్టి పంపవచ్చు, కానీ అలా పంపితే ఇంకో ఇబ్బంది. పక్కవాళ్ళవి ఏవీ మోయని నోడ్ నుంచి ఒక్కటి బయటికి వచ్చిందంటే అది ఆ ఇంటిదేనని చూసేవాళ్ళకి తెలిసిపోతుంది. ఫీజు ఎంత పెట్టాలన్న అంచనా కూడా రాదు. బ్లాకు వచ్చినప్పుడు కూడా, ట్రాన్సాక్షన్లు ముందే చేతిలో ఉంటే 6 బైట్ల గుర్తులతో సరిపోయే కాంపాక్ట్ బ్లాకుల సౌకర్యం దీనికి ఉండదు, బ్లాకు మొత్తం తెచ్చుకోవాలి. వాలెట్ లేని నోడ్‌కి ఇది మంచి సెట్టింగే. నా నోడ్‌కి కాదు. తీసేశాను.

ఇన్ని కోతలయ్యాక గానీ గెట్‌నెట్‌టోటల్స్ కొట్టలేదు. వచ్చింది ఒక వరస, పంపింది ఒక వరస. అన్ని సెట్టింగులూ మామూలుగా పెట్టి కొన్నాళ్ళు చూస్తే, పంపింది అందుకున్నదానికి పది రెట్ల పైన ఉంది. గెట్‌పీర్‌ఇన్ఫోలో ఒక్కో కనెక్షన్ కింద బైట్స్‌సెంట్_పర్_మెసేజ్ అని చిన్న పట్టిక ఉంటుంది, ఏ రకం మాటకి ఎన్ని బైట్లు పోయాయో అందులో తెలుస్తుంది. పెద్ద కనెక్షన్లు ఏది తీసినా మొదటి అంకె బ్లాక్ అన్న మాట పక్కనే. ఇన్వ్, అంటే పైన చెప్పిన కబుర్లు, దాని తర్వాత చాలా దూరంలో. టీఎక్స్, అంటే ట్రాన్సాక్షన్లు, అంతకన్నా కింద. నేను నెలల తరబడి కోస్తూ వచ్చినవన్నీ ఆ కింది వరసలవి, లేదా నా సొంత రక్షణకి పనికొచ్చేవి. ఇంటిని ముంచింది పాత బ్లాకుల వడ్డన ఒక్కటే.

దానికి మందు 2016లో వచ్చిన 0.12 వెర్షన్ నుంచీ ఉంది: మాక్స్‌అప్‌లోడ్‌టార్గెట్. 24 గంటల్లో ఇన్ని ఎంబీల దాకా పంపవచ్చు అని చెబుతాం. పరిమితి దగ్గర పడగానే, వారం దాటిన పాత బ్లాకులు అడిగేవాళ్ళని పంపించేస్తుంది. కొత్త బ్లాకులూ ట్రాన్సాక్షన్లూ మామూలుగానే నడుస్తాయి, అందుకని అది గీసిన గీత కాదు, ఒక లక్ష్యం మాత్రమే. మొదట 500 పెట్టాను. తప్పు. రోజుకి 144 బ్లాకులు, ఒక్కోటి అత్యధికంగా 4 ఎంబీ అనుకుని 576 ఎంబీని నోడ్ ముందే పక్కన పెట్టుకుంటుంది. దానికంటే తక్కువ ఇస్తే ఆ 24 గంటల మొదట్లో పాత బ్లాకు ఒక్కటి కూడా ఇవ్వకుండానే తలుపు వేసేస్తుంది. పాత కథనాల్లో 144 ఎంబీ అని ఉంటుంది. అది 2017 ఆగస్టులో సెగ్‌విట్ రాకముందు, బ్లాకు 1 ఎంబీకి మించని రోజుల లెక్క. ఇప్పుడు నాది 5000. నెలకి 150 జీబీ దగ్గర. ఈ లెక్క నోడ్ ఆగి మొదలైనప్పుడల్లా సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి, కరెంటు కోతలున్న ఊళ్ళో యూపీఎస్ ఉండాలి. ఇంట్లో రెండో యంత్రం ఉంటే దానికి వైట్‌లిస్ట్‌లో డౌన్‌లోడ్ అనుమతి ఇస్తే పరిమితి అయిపోయినా దాన్ని బయటికి పంపదు.

లిజన్=0 పెట్టి తలుపులన్నీ మూసేయవచ్చు కదా అని తణుకు మిత్రుడే అడిగాడు. మూసేయవచ్చు, తప్పు లేదు. చిన్న ప్లాన్ ఉన్నవాళ్ళు మూసేయాలనే అంటాను. కానీ నా మొదటి 600 జీబీ ఎవరెవరి ఇళ్ళ లైన్ల మీద నుంచో వచ్చింది. వాళ్ళందరూ మూసేసి ఉంటే నాకు నోడ్ లేదు. ఇవ్వడం మానను. అయితే ఇచ్చేది నా ఒక్కడి లైను కాదు. ఈసారి చెల్లెలితో కూర్చుని 5000 అంటే నెలకి ఎంతవుతుందో రాసి చూపించాను. తన షిఫ్టు వేళలు చెప్పింది. రోజుకింత అని చెప్పగలంగానీ వేగం ఇంత అని నోడ్‌కి చెప్పలేం. ఆ పని రౌటర్‌లో చేసి, నోడ్‌కి 10 ఎంబీపీఎస్ మించి పోకుండా కట్టాను. తన ఫోన్లో ఆపరేటర్ యాప్ పెట్టుకుంది, వాడకం తనే చూస్తుంది.

తొందరపడేవాళ్ళకి ఇంకో మాట. 2024 అక్టోబరులో వచ్చిన 28వ వెర్షన్‌లో అస్యూమ్‌యూటీఎక్స్‌ఓ ఉంది, 840000వ బ్లాకు దగ్గరి స్నాప్‌షాట్ ఎక్కించి త్వరగా మొదలుపెట్టవచ్చు. దాంతో డేటా ఆదా అవుతుందని కొందరు అనుకుంటున్నారు. అవదు. వెనక నుంచి పాత బ్లాకులన్నీ డౌన్‌లోడ్ అవుతూనే ఉంటాయి.

ఈ మధ్య మా మేనత్త మనవడు అడిగాడు. పల్లెటూరు, ఫైబర్ ఇంకా రాలేదు, ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజుకి 2 జీబీ. నోడ్ కావాలి, వాలెట్ ఇప్పుడే వద్దన్నాడు. వాడికి లిజన్=0, బ్లాక్స్‌ఓన్లీ రెండూ రాసిచ్చాను. రోజుకి వచ్చే బ్లాకులు ఆ 2 జీబీలో ఇమిడిపోతాయి, చదువుకీ మిగులుతుంది. వాలెట్ పెట్టిన రోజున బ్లాక్స్‌ఓన్లీ తీసేయమని కింద రాశాను. డిస్కు కాపీ అవుతోంది. అది వాడికి చేరి, రీఇండెక్స్ పూర్తయ్యేలోపు కొన్ని వారాల బ్లాకులు వెనకబడతాయి, అవి మాత్రం వాడు తెచ్చుకోవాలి. దానికి వాళ్ళమ్మ ఫోన్లో డేటా కూడా పడుతుంది కాబట్టి ముందు ఆవిడని అడగమన్నాను.